రెండ్రోజులాగి రా

పోయిన సంక్రాంతికి మా బావ హైదరాబాద్ నుంచి వచ్చి మా షాపు ముందర కుర్చీ ఏసుకుని కూర్చుని రోడ్డవతల అరుగు మీదున్న పిలకాయల్ని చూసి ఒక మాటన్నాడు. "ఏందిరా, మీ పేటలో ఎవురూ పనికి పోరా? టైము పదకొండయింది, అందరూ ఈడే ఉండారు, చేతిలో సెల్లు." పండక్కొచ్చిన మనిషి, పైగా అక్క మొగుడు, ఏమంటాం, నవ్వి ఊరుకున్నా. కానీ ఆ మాట నాకు ఇంకా మింగుడు పడలేదు, ఎందుకంటే అది మా బావ ఒక్కడి మాటా కాదు. టీవీ డిబేట్లలో అనేదీ అదే, లోనివ్వని మేనేజరనేదీ అదే, పిల్లనివ్వని మామ అనేదీ అదే.

మాది నెల్లూరు, పెన్న బ్రిడ్జి దాటినాక వెంకటేశ్వరపురం వైపు. నాకో చిన్న నెట్ సెంటరుంది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, ఒక లామినేషన్ మిషను, ఇంకో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. అప్లికేషన్లు పెట్టడం, హాల్ టికెట్లు తీసియ్యడం, స్టేటస్ చూసి చెప్పడం నా బతుకుదెరువు. కాబట్టి ఆ అరుగు మీద ఎవడు దేనికోసం కూర్చున్నాడో నాకు బాగా తెలుసు. ఒకడిది కువైట్ వీసా, చెన్నై ఏజెంట్ దగ్గర పాస్‌పోర్టు ఇచ్చొచ్చి కూర్చున్నాడు. ఒకడికి మేస్త్రీ ఫోన్ చెయ్యాలి. ఒకడు డిప్లొమా సప్లీ రాశాడు, రిజల్ట్ రావాలి, అది వస్తేగాని కంపెనీ వాళ్లు లోపలికి రానివ్వరు. ఇంకోడు పోలీసు నోటిఫికేషన్ ఎప్పుడో అని చూస్తాండాడు. వీళ్లని ఎవరో ఒకరు అక్కడ కూర్చోబెట్టి పోయారు, మళ్లీ ఎప్పుడొస్తామో మాత్రం చెప్పలేదు. అదీ సంగతి.

నా కంప్లయింటల్లా ఆ చెప్పకపోవడం గురించే. ఉద్యోగాలు లేవు, అది అందరికీ తెలిసిందే, కొత్తగా నేను చెప్పేదేం లేదు. కానీ లేదు అని చెప్తే మనిషి ఇంకో దారి చూసుకుంటాడు కదా. ఇక్కడ ఎవరూ లేదనరు. "రెండ్రోజులాగి రా" అంటారు, "పైకి పంపించాం" అంటారు, "ప్రాసెస్‌లో ఉంది" అంటారు, "ఎలక్షన్ కోడ్ అయిపోనీ" అంటారు. అట్లా ఆగిన రోజులకి కూలి ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు, ఆ ఆగినోడే తన ఇంట్లోంచి తెచ్చి పెట్టుకోవాలి.

ఒకసారి మా పేటలో ఒక ఇంటి లెక్క చూడండి. కరెంటు బిల్లుకి తేదీ ఉంది, దాటితే ఫైన్, ఇంకా దాటితే లైన్‌మెన్ వచ్చి ఫ్యూజు పీక్కుపోతాడు. ఇంటిపన్ను లేటయితే మున్సిపాలిటీ నెలకి రెండు శాతం వడ్డీ వేస్తుంది. పొదుపు గ్రూపు కిస్తీకి తేదీ ఉంది, ఒకామె కట్టకపోతే గ్రూపులో మిగతా తొమ్మిదిమందీ వచ్చి గుమ్మంలో నిలబడతారు. వారం ఫైనాన్సోడు మంగళవారమంటే మంగళవారమే, వాన పడనీ వరద రానీ రెయిన్‌కోట్ ఏసుకుని వచ్చేస్తాడు. ఇంటి ఓనరుకి ఐదో తారీకు. స్కూలు ఫీజుకి తేదీ, లేకపోతే పిల్లని పరీక్షలో కూర్చోనివ్వరు. అంటే పేదోడి చేతిలోంచి పోయే ప్రతి రూపాయికీ ఒక డేటుంది. వచ్చే రూపాయికి మాత్రం లేదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు, వస్తే పరీక్ష ఎప్పుడో తెలీదు, రాస్తే రిజల్ట్ ఎప్పుడో తెలీదు, పాసయితే పోస్టింగ్ ఎప్పుడో తెలీదు. కాస్త ఉన్నవాళ్ల ఇళ్లల్లో ఈ మధ్య కాలాన్ని "గ్యాప్" అంటారు, ఆ గ్యాప్‌లో ఒక కోర్సు చేస్తారు, ఊరెళ్లొస్తారు. మా దగ్గర ఆ మధ్య కాలంలో అప్పు పెరుగుతుంది, అంతే.

పొద్దున ఆరున్నరకి కూలీల అడ్డా దగ్గరికి పోండి ఒకసారి, టీ తాగడానికైనా. తాపీ, గమేళా, ప్లాస్టిక్ సంచిలో పాత ప్యాంటూ చొక్కా, స్టీలు క్యారియరు. బేల్దారి మేస్త్రీలు ఒక పక్క, కూలోళ్లు ఒక పక్క, పెయింటర్లు టీ బంకు దగ్గర, ఆడోళ్లు కొంచెం దూరంగా షట్టరు మెట్ల మీద. ఏదైనా బండి స్లో అయితే చాలు పదిమంది దాని చుట్టూ మూగుతారు. "ఎంతమంది కావాలన్నా", "యాడన్నా పని", "స్లాబా, పునాదా" అని అడుగుతూనే ఎక్కేస్తారు, రేటు దార్లో మాట్లాడుకుంటారు, అక్కడ నిలబడి బేరమాడితే పక్కోడు ఎక్కేస్తాడు కాబట్టి. ఎనిమిదిన్నర తర్వాత వచ్చే బండ్లు తక్కువ. తొమ్మిదిన్నర దాటితే ఇంక ఎవరూ రారు, అది అక్కడున్న అందరికీ తెలుసు. తెలిసినా పోరు.

ఎందుకు పోరు అని నేనొక పెద్దాయన్ని అడిగా, ఆయన మా షాపులో లేబర్ కార్డు రెన్యువల్‌కి వచ్చినప్పుడు. "ఇంటికి పోతే క్యారియరు నిండుగా కనపడద్ది గదా అబ్బయ్యా" అన్నాడు. అంటే పొద్దున నాలుగున్నరకి లేచి భార్య కట్టిచ్చిన అన్నం ఆ క్యారియర్లో అట్లాగే ఉంటే ఈ రోజు పని దొరకలేదని వీధంతా తెలుస్తుంది. అందుకని పదకొండింటికి ఆ చెట్టు కిందే కూర్చుని తినేసి, బోరు పంపు దగ్గర క్యారియరు కడిగి, సాయంత్రం దాకా ఎక్కడో తిరిగి, పని నుంచి వచ్చేవాళ్ల టైముకి ఇంటికి పోతాడు. కడిగిన క్యారియరు చేతిలో ఊపుకుంటా. ఆ రోజు ఆయన చేసిందంతా పని కిందికి రాదు, కానీ పొద్దున్నించీ సాయంత్రం దాకా ఒళ్లు అలిసే ఉంటుంది.

ఇంకో విడ్డూరం చెప్తా. మన దేశంలో నిరుద్యోగం లెక్క తీసే సర్వే ఒకటుంది, పీఎల్ఎఫ్ఎస్ అంటారు. అందులో వారం లెక్క ఎట్లా తీస్తారంటే, ఆ ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం ఒక్క గంట పని చేసినా సరే ఆ మనిషి పనున్న మనిషి కిందే లెక్క. ఒక్క గంట! అంటే మన క్యారియరు పెద్దాయన సోమవారం ఒక్కపూట ఇసక మోసి మిగతా ఆరు రోజులు చెట్టుకింద తిన్నా పేపర్లో వచ్చే పర్సెంటేజీలో ఆయన నిరుద్యోగి కాదు. ప్రపంచమంతా అట్లాగే లెక్కేస్తారట, సరే, ఆ పద్ధతికి దాని కారణాలు దానికుంటాయి, నేను ఎకనామిస్టుని కాదు. కానీ ఆ నంబరు చూపించి "నిరుద్యోగం తగ్గింది" అని ఎవరైనా అంటే మాత్రం నాకు ఆ చెట్టే గుర్తొస్తుంది.

2019లో ఇసక దొరకనప్పుడు ఈ అడ్డా ఎట్లుండిందో చూసినోళ్లకి తెలుసు. పాత ఇసక పాలసీ ఆపేశారు, కొత్త పాలసీ సెప్టెంబర్లో వచ్చింది, ఆ మధ్యలోనూ ఆ తర్వాతా నదులకి వరదలు. రాష్ట్రమంతా కట్టుబడి పన్లు ఆగిపోయాయి, కొన్నిచోట్ల భవన కార్మికులు ఆత్మహత్యలు చేసుకున్నారని పేపర్లలో చదివాం. పాలసీ మార్చుకునే హక్కు గవర్నమెంటుకి ఉంది, కాదనను. కానీ పాలసీ మారే ఆ కొన్ని నెలలూ ఎవరి పొయ్యి మీద ఎసరు పెట్టి నడిపారు? భవన కార్మికుల సంక్షేమానికని 1996లోనే చట్టముంది, కట్టే బిల్డింగు ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేస్తారు, ఆ డబ్బుండేదే వాళ్లకోసం. పని ఆగిన రోజుకి అందులోంచి ఇంత ఇస్తాం అని ఒక రూలు ముందే ఉండుంటే, అది అడుక్కోకుండా అకౌంట్లో పడుంటే, ఆ సంవత్సరం వేరేగా ఉండేది.

ఇంక చదువుకున్న పిలకాయల సంగతికొద్దాం. నాకు బాగా దగ్గరగా తెలిసిన కేసు ఒకటి చెప్తా, పేరొద్దు. మా వెనక వీధి అబ్బాయి, నాన్న ఆటో, అమ్మ ఇళ్లల్లో పని. 2022 నవంబర్లో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది, 6,100 పోస్టులు. నా షాపులోనే అప్లై చేశాడు. 2023 జనవరిలో ప్రిలిమ్స్ అయ్యింది, రాష్ట్రం మొత్తం మీద 95 వేల మందికి పైగా పాసయితే అందులో వీడొకడు. ఆ రోజు వాళ్లమ్మ మా షాపుకి చాక్లెట్లు తెచ్చింది. ఇంక మిగిలింది ఈవెంట్స్, అంటే 1,600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లోపు పరిగెత్తాలి, ఆపైన వంద మీటర్లో లాంగ్ జంపో ఏదో ఒకటి కొట్టాలి. మార్చిలో అన్నారు. ఎమ్మెల్సీ ఎన్నికల కోడని ఆపారు. తర్వాత కోర్టు కేసులన్నారు. తర్వాత జనరల్ ఎలక్షన్లు. చివరికి ఈవెంట్స్ మొదలయింది 2024 డిసెంబర్ 30న. మెయిన్స్ 2025 జూన్ ఒకటో తారీకు. రిజల్ట్స్ ఆగస్టు ఒకటి.

ఇప్పుడు మధ్యలో దాదాపు రెండేళ్లు ఆ పిల్లోడు ఏం చేశాడో చూడండి. పరుగు అంటే చదువులాగా పక్కనపెట్టి మళ్లీ తీసేది కాదు, నెల ఆపితే టైమింగ్ పడిపోద్ది. రేపే డేటిస్తారేమో అని రోజూ తెల్లారుజామున ఐదుకి లేచి ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం దాకా పోయి పరిగెత్తేవాడు. బూట్లు అరిగిపోతే రెండుసార్లు రబ్బరు అతికించుకున్నాడు. ఇంట్లో గుడ్డు వండితే వాడికే, చెల్లెలికి ఉండేది కాదు, ఆ పిల్ల నా దగ్గరికి ప్రాజెక్టు ప్రింటుకొచ్చి నవ్వుతా చెప్పింది, నాకు మాత్రం నవ్వు రాలేదు. కృష్ణపట్నం వైపు ఒక కంపెనీలో షిఫ్టుల పని దొరికింది, నైట్ షిఫ్టు పడితే పొద్దున పరుగు పోద్దని మానేశాడు. బట్టలషాపులో చేరాడు, అక్కడ సెలవడిగితే ఇవ్వరు, ఈవెంట్స్ డేట్ వస్తే ఎట్లా అని అదీ మానేశాడు. చూసేవాళ్లకి ఏం కనపడుతుంది? ఏ పనిలోనూ నిలవడు. మా బావ చూసిన అరుగు మీద కూర్చున్నది వీడే. ఉద్యోగం లేకపోవడం ఒక ఎత్తయితే, ఉద్యోగం వస్తుందేమో అన్న ఆశ ఇంకే పనీ చెయ్యనియ్యకుండా కట్టేయడం ఇంకో ఎత్తు, ఈ రెండోది మనం లెక్కలోకే తీసుకోం.

మెయిన్స్‌లో కటాఫ్‌కి కొద్దిగా తగ్గాడు. ఓడిపోయాడు, సరే, పోటీ అన్నాక ఎవరో ఒకరు ఓడిపోతారు. నా బాధ వాడు ఓడిపోయినందుక్కాదు. ఏడాదిలో ఓడిపోయే అవకాశం వాడికిచ్చుంటే బాగుండేది. ఇప్పుడు ఫుడ్ డెలివరీ చేస్తాండాడు. మాగుంట లేఅవుట్లో బిర్యానీ హోటళ్ల ముందర సాయంత్రంపూట బండి మీద కూర్చున్న పిలకాయల్ని చూశారా, అందులో ఉంటాడు. అక్కడ కూడా ఆర్డర్‌కే డబ్బులు, ఆర్డర్ కోసం కూర్చున్న టైముకి కాదు. గిగ్ వర్కర్లకి సామాజిక భద్రత అని 2020లో కోడ్ చేసి 2025 నవంబర్లో అమల్లోకి తెచ్చారు, కంపెనీలు టర్నోవర్లో ఒకట్రెండు శాతం ఫండ్‌కి కట్టాలంట, మంచిదే. ఆ హోటల్ ముందు కూర్చున్న గంటకి ఎవరు కడతారు అనేది అందులో లేదు.

2025 ఫిబ్రవరి 22, శనివారం రాత్రి కూడా ఒకటి చెప్పాలి. మర్నాడు గ్రూప్-2 మెయిన్స్. రిజర్వేషన్ల రోస్టర్ మీద గొడవ, వాయిదా వెయ్యమని గవర్నమెంటే పరీక్ష పెట్టే సర్వీస్ కమిషన్‌కి లెటర్ రాసిందని టీవీలో, లేదు జరుగుతుందని కమిషన్. మా షాపు తొమ్మిదికి మూసేస్తా మామూలుగా, ఆ రోజు పదకొండున్నరైనా జనం. వెబ్‌సైటు రిఫ్రెష్ కొట్టడమే పని. ఒకమ్మాయి చంటిబిడ్డని భుజానేసుకుని నిలబడుంది, సెంటరు వేరే ఊర్లో, తెల్లారుజాము బస్సుకి పోవాలా వద్దా అని. వాళ్లాయన రెండుసార్లు ఫోన్ చేశాడు. పరీక్ష జరిగింది అనుకోండి. కానీ ఆ రాత్రి ఆ పిల్ల ఏం చదివుంటుంది?

అందరికంటే పెద్ద ఎదురుచూపు మాత్రం టీచర్ పోస్టులకి 1998 డీఎస్సీ రాసిన వాళ్లది. సెలెక్షన్ వివాదాల్లో ఇరుక్కుపోయి ఉద్యోగం రాని వాళ్లకి 2022లో, అంటే ఇరవై నాలుగేళ్ల తర్వాత, కాంట్రాక్టు మీద మినిమమ్ టైమ్ స్కేలుతో తీసుకుంటామని గవర్నమెంటు నిర్ణయించింది. అప్పటికి వాళ్ల పిల్లలు డీఎస్సీ రాసే వయసుకొచ్చారు. పేపర్లో ఫొటోలు చూసి అందరూ చప్పట్లు కొట్టారు, నాకైతే ఒళ్లు మండింది. తెల్లజుట్టుతో మొదటిరోజు స్కూలుకి పోయే మనిషిని చూసి సంబరపడేదేముంది, ఆ ఇరవై నాలుగేళ్లు ఎవరి జేబులోంచి పోయాయి అని ఒక్కడైనా అడగాలి కదా. మెగా డీఎస్సీ 16,347 పోస్టులకి 2025 ఏప్రిల్లో నోటిఫికేషన్ ఇచ్చి అదే సంవత్సరం సెప్టెంబర్లో నియామక పత్రాలిచ్చారు, ఇది మెచ్చుకోవాలి. అయిదు నెలల్లో అవుతుందని తేలిపోయింది కదా. మరి అవుతుందని తెలిసినప్పుడు, కానప్పుడు జవాబు చెప్పాల్సిన పూచీ కూడా ఉండాలి.

మగపిలకాయలకి అరుగన్నా ఉంది. ఆడపిల్లల ఎదురుచూపు ఇంట్లో జరుగుద్ది, బైటికి కనపడదు. డిగ్రీ అయిపోయిన అమ్మాయిని "ఏం చేస్తాంది" అని ఎవరూ అడగరు, "సంబంధాలు చూస్తాండారా" అని అడుగుతారు. శ్రీసిటీ, తడ వైపు కంపెనీల్లో ఆడపిల్లలకి పనులున్నాయి, చెప్పుల కంపెనీలో వేలమంది చేస్తున్నారు, ఆ బస్సులెక్కి పోయిన పిల్లలు ఇంటికి డబ్బు పంపుతున్నారు కూడా. కానీ హాస్టల్లో ఉంచడానికి వీళ్ల నాన్న ఒప్పుకోవాలి, ఆయన "చూద్దాం" అంటాడు. ఆఫీసుల్లోనే కాదు, ఇంట్లో కూడా ఈ చూద్దాం ఉంది.

మా వార్డులో వాలంటీరుగా చేసినామె సంగతి ఇంకో రకం. 2019 ఆగస్టు 15న ఆ వ్యవస్థ మొదలయ్యింది, నెలకి 5,000 గౌరవ వేతనం. యాభై ఇళ్లు ఆమె చేతి కింద. ఎవరి రేషన్ కార్డులో ఎవరి పేరు తప్పుందో, ఎవరి వేలిముద్ర పడదో, ఎవరికి వికలాంగుల సదరం సర్టిఫికెట్ రావాలో నోటికి చెప్పేది. 2024 ఎలక్షన్లకి ముందు పదివేలు చేస్తామన్నారు ఎగస్పార్టీ వాళ్లు. వాళ్లే గెలిచారు. ఆ తర్వాత ఈమె పని ఉందా లేదా ఎవరూ చెప్పలేదు. 2024 నవంబర్లో శాసన మండలిలో మంత్రి చెప్పిందేమిటంటే 2023 ఆగస్టు తర్వాత వాళ్లని రెన్యువల్ చేసిన జీవోనే లేదని. అంటే వెనకటి గవర్నమెంటు కాగితం లేకుండా పనిచేయించింది, ఇప్పటి గవర్నమెంటు కాగితం లేదు కాబట్టి మనుషులే లేరంది. వాలంటీర్లు మంచోళ్లా చెడ్డోళ్లా అనేది నాకొద్దు, ఆ గొడవ పార్టీలోళ్లు పడతారు. నేను చూసింది ఏంటంటే ఆ కొన్ని నెలలూ ఆమె వేరే పనిలో చేరలేదు, పిలుస్తారేమో అని. ముసలోళ్లు ఇప్పటికీ ఆమె గుమ్మానికే పోతారు, "ఏమ్మా, నా పింఛను పేరు పడిందా" అని. ఆమె పాపం నా షాపుకి తీసుకొచ్చి చూపించి పంపుతుంది, జీతం లేకపోయినా.

మనుషులెందుకు, మా జిల్లాలే అట్లా కూర్చుని ఉన్నాయి. దుగరాజపట్నం పోర్టు 2014 విభజన చట్టంలోనే రాశారు, మొదటి దశ 2018 చివరికల్లా అని. అది చట్టంలో ఉన్న తేదీ! అయినా దిక్కులేదు. రామాయపట్నం పోర్టుకి 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేస్తే 2022 జులైలో ఇంకో ముఖ్యమంత్రి భూమిపూజ చేశారు. ఒకే పోర్టు, రెండు కొబ్బరికాయలు. పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు వెలిగొండ సాగునీటి ప్రాజెక్టుకి 1996లో రాయి వేశారు, ఆ నీళ్లు వస్తాయని ఎదురుచూసి చూసి విసిగిపోయి మార్కాపురం, కనిగిరి వైపు నుంచి వచ్చేసినోళ్లు మా పేటలోనే ఎన్ని ఇళ్లున్నారో. నాన్న నీళ్ల కోసం చూశాడు, కొడుకు నోటిఫికేషన్ కోసం చూస్తున్నాడు. ఇప్పుడు రామాయపట్నంలో బీపీసీఎల్ రిఫైనరీ అంటున్నారు, రానీ, వస్తే మంచిదే, నా దగ్గర అప్లికేషన్లు పెడతారు. పోర్టు పేరు, రిఫైనరీ పేరు చెప్పి సెక్యూరిటీ గార్డు పోస్టుకని డబ్బులు వసూలు చేసే బ్రోకర్లు మాత్రం ఆల్రెడీ వచ్చేశారు. తేదీ లేనిచోటే బ్రోకరు పుడతాడు. "నేను కనుక్కుంటా" అనడమే వాడి సరుకు.

రొట్టెల పండగ గురించి చెప్పకుండా నెల్లూరోడు ఏదీ రాయలేడు కదా. మొహర్రం అప్పుడు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లల్లో దిగి రొట్టెలు మార్చుకుంటారు. పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె, వీసా రొట్టె. ఉద్యోగం రొట్టె దగ్గర ఎప్పుడూ జనం జాస్తి. కోరిక తీరినోళ్లు వచ్చి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నోళ్లు పుచ్చుకుంటారు, తీరితే మళ్లీ వచ్చి వాళ్లు ఇంకొకరికి ఇవ్వాలి. హిందువులు ముస్లింలు అందరూ. చదువుకున్న మా ఫ్రెండ్స్ కొందరు దీన్ని మూఢనమ్మకం అంటారు, ఏమో, నేనైతే ఏటా పోతా. నాకు అందులో నచ్చేదేంటంటే అక్కడ రూలుంది. ఉద్యోగమొచ్చినోడు నీళ్లల్లో నిలబడి "నాకొచ్చింది, ఇదిగో" అని ఎదురుగా ఉన్నోడి మొహం చూసి చెప్పాలి. మన రిక్రూట్‌మెంట్ బోర్డులు ఎవరి మొహం చూసి ఏం చెప్తాయి?

మా బావ మాటకి ఇంకో సైడుంది, అది దాటేస్తే మోసం చేసినట్టే. పనులున్నాయి చేసేవాళ్లు లేరు అంటారు కదా, నెల్లూర్లో పెద్ద అపార్టుమెంటు కట్టేచోట చూడండి, ఒడిశా, బీహార్, బెంగాల్ పిలకాయలే. మనోళ్లకి ఒళ్లొంగదు అని బిల్డర్లంటారు. కొంత నిజముంది, ఇంజనీరింగ్ చదివి సిమెంటు మొయ్యాలంటే ఎవడికైనా నామోషీ. కానీ నేనొక సైట్ సూపర్‌వైజర్ని అడిగితే అసలు సంగతి చెప్పాడు. వాళ్లు సైట్లోనే రేకుల షెడ్డులో ఉంటారు, మెటీరియల్ రాత్రి పన్నెండుకొచ్చినా లేపొచ్చు, రెండ్రోజులు పని లేకపోయినా అక్కడే పడుంటారు, ఎక్కడికీ పోలేరు. మనోడయితే సాయంత్రం ఇంటికి పోవాలి, అమ్మకి బీపీ మాత్రలు తేవాలి, పని లేని రోజు పని లేదని ముందే చెప్పమంటాడు. అంటే ఓనరుకి కావాల్సింది గట్టిగా పనిచేసేవాడొక్కడే కాదు, ఊరికే కూర్చోబెట్టినా నోరెత్తనివాడు కూడా. ఆ ఒడిశా పిల్లోడు మా వాళ్ల కంటే ఎక్కువ ఎదురుచూస్తున్నాడు, కాకపోతే వాడి అరుగు మనకి కనపడే చోట లేదు.

ఏం చెయ్యాలి అంటే నా దగ్గర పెద్ద ప్లానేం లేదు. 2005 ఉపాధి హామీ చట్టం పల్లెలకే పెట్టారు, దాని బదులు 2025 డిసెంబర్లో చేసిన చట్టమూ పల్లెలకే, టౌన్లో కూలోడికి అవి వర్తించవు, పల్లెలో పొలం ఎండితే టౌనుకొచ్చినోడు అక్కడి హామీ కూడా పోగొట్టుకుంటాడు. కేరళలో 2010లోనే అయ్యంకాళి పేరుతో పట్టణాలకి ఉపాధి హామీ పెట్టారు, రాజస్థాన్‌లో 2022లో పెట్టారు, ఏడాదికి వంద రోజులు. గొప్పగా నడిచాయని చెప్పను, కానీ పెట్టొచ్చు అని తెలిసింది. ఇక్కడ కాలవల పూడికలే ఏటా టెండర్లకిస్తారు, 2021 నవంబర్ వరదకి భగత్ సింగ్ కాలనీ మునిగినాక కూడా బురద ఎత్తడానికి జనం కావాల్సి వచ్చింది, పనికి కరువేముంది. నిరుద్యోగ భృతి 2018లో వెయ్యి రూపాయలతో యువనేస్తం అని మొదలయ్యి, రెండు వేలై, 2019లో గవర్నమెంటు మారగానే ఆగిపోయింది. 2024లో మూడు వేలన్నారు. భృతి కంటే నేనడిగేది ఇంకా చవకైంది, నోటిఫికేషన్లోనే పరీక్ష తేదీ, ఫలితం తేదీ రాయండి, అది దాటిన ప్రతి నెలకీ వయసు పరిమితి దానంతటదే పెరగాలి, ఆరు నెలలు దాటితే ఫీజు వెనక్కివ్వండి. ధర్నా చేసి, మినిస్టర్ కాళ్లు పట్టుకుని, ఎలక్షన్ ముందు జీవో తెచ్చుకునే సడలింపు కాకుండా. కట్టాల్సిన పన్నుకి మీరు రెండు శాతం వేస్తారు కదా, మా నెలలకి మీరు వెయ్యండి.

అడ్డా దగ్గర ఒక షెడ్డు, మంచినీళ్లు, ఆడోళ్లకి బాత్రూము, ఇవి అడగడానికి కూడా ఏళ్లు పట్టాల్సిన అవసరం లేదు. రైల్వే స్టేషన్లో ఉంది కదా వెయిటింగ్ హాలు, ట్రైను కోసం కూర్చునేవాడికి ఉన్న మర్యాద పని కోసం నిలబడేవాడికి ఎందుకుండకూడదు.

ఒక సంగతి ఒప్పుకోవాలి, ఈ ఎదురుచూపుల మీదే నా షాపు నడుస్తోంది. అప్లికేషన్‌కి యాభై, స్టేటస్‌కి పది, తెలిసినోళ్లకి ఊరికే. ఈ మధ్య ఒక కొత్త పని పెట్టుకున్నా. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, మా షాపుకొచ్చే కాగితాలన్నిట్లో ఆఫీసోళ్లకి గడువు పెట్టే కాగితం నాకు తెలిసి అదొక్కటే. "ఫలానా తారీకున నేను పెట్టిన దరఖాస్తు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఎప్పటిలోగా తేలుస్తారు" అని రెండే లైన్లు, టైపు చేసి పెట్టుకున్నా, పేరూ నంబరూ మారిస్తే చాలు. ఇప్పటిదాకా పంపినవాటిలో కొన్నిటికి జవాబొచ్చింది, కొన్నిటికి "మా పరిధి కాదు" అని వచ్చింది, కొన్నిటికి అప్పీలు రాశాం. క్యారియరు పెద్దాయన లేబర్ కార్డుది కూడా అందులో ఉంది, ఇంకా గడువు కాలేదు. మండలం ఆఫీసుకైతే ఐదు రూపాయలు, జిల్లా ఆఫీసుకి పది, తెల్లకార్డున్నోళ్లకి అదీ లేదు, కార్డు జిరాక్స్ జతచేస్తే సరిపోద్ది. ఆ జిరాక్స్‌కి నేను డబ్బులు తీసుకోవట్లేదు, మా వైపు ఎవరికన్నా కావాలంటే సాయంత్రం ఆరు తర్వాత రండి, పగలు సర్వర్ ఉండదు.